సేవా సంస్థల పెద్దలు నోరు తెరిచి అడగాలి

సంపాదకులకు నమస్కారం.

దాతలు కరవై వృద్ధాశ్రమం మూతపడిందనో, జీతాలు ఇవ్వలేక దివ్యాంగుల పాఠశాల చేతులెత్తేసిందనో జిల్లా పేజీల్లో తరచూ వార్తలు కనిపిస్తుంటాయి. చదివినవారు సమాజంలో దయాగుణం తగ్గిపోయిందని నిట్టూరుస్తారు. గుంటూరులో మానసిక ఎదుగుదల లోపం ఉన్న పిల్లల కోసం పగటి సంరక్షణ కేంద్రం నడిపే ఒక చిన్న సొసైటీకి కార్యదర్శిగా, విజయవాడ, తెనాలి, మంగళగిరి ప్రాంతాల్లో ఇలాంటి సంస్థలను మోస్తున్న మిత్రుల కష్టసుఖాలు దగ్గరగా చూస్తున్న మనిషిగా నా అభిప్రాయం వేరు. మన దగ్గర ఇచ్చే చేతులకు కొదవ లేదు. అడగవలసినవాళ్లమే సరిగా అడగడం లేదు. అడిగినా ఎంత కావాలో, దేనికి కావాలో, ఎప్పటికి కావాలో చెప్పకుండా నసుగుతూ అడుగుతున్నాం. ఈ సంకోచం ఎక్కడినుంచి వస్తోంది, ఎలా పోతుంది అన్న విషయాన్ని మీ పాఠకుల ముందు, ముఖ్యంగా సేవా సంస్థల బాధ్యులుగా ఉన్న పాఠకుల ముందు ఉంచాలని ఈ లేఖ రాస్తున్నాను.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ నీట మునిగినప్పుడు చుట్టుపక్కల ఊళ్లనుంచి పులిహోర పొట్లాలు, పాల ప్యాకెట్లు, మంచినీళ్ల సీసాలు ట్రాక్టర్లలో తరలివచ్చాయి. వినాయక చవితి దగ్గర పడిందంటే వీధి వీధికీ చందా పుస్తకం తిరుగుతుంది. గాలిగోపురం ఎత్తాలన్నా, ఊరి బడికి ఒక గది వేయాలన్నా అమెరికాలో స్థిరపడిన ఊరివాళ్లు సైతం తలా ఒక చెయ్యి వేస్తారు. అయితే గుడి కోసం చందా పుస్తకం పట్టుకుని ఏ జంకూ లేకుండా నాలుగు వీధులు తిరిగిన పెద్దమనిషే, తాను అధ్యక్షుడిగా ఉన్న బధిరుల పాఠశాల కోసం ఎదురింటి గుమ్మం ఎక్కడానికి వెనకాడటం నేను చూశాను. గుడికి అడిగేటప్పుడు అది దేవుడి పని అన్న నిబ్బరం ఆయనకు ఉంది. పాఠశాలకు అడిగేటప్పుడు మాత్రం సొంత అవసరానికి అప్పు అడుగుతున్నట్టు తల దించుకుంటున్నారు.

మన సంస్థలను నడుపుతున్నవారిలో విశ్రాంత ఉపాధ్యాయులు, బ్యాంకు అధికారులు, వైద్యులు, కళాశాల అధ్యాపకులు ఎక్కువ. జీవితమంతా ఎవరి ముందూ చేయి చాచకుండా బతికామన్న గౌరవమే వాళ్లకు పెద్ద ఆస్తి. ఆ గౌరవానికి ఎక్కడ మచ్చ పడుతుందోనని, చాలామంది ఏళ్ల తరబడి తమ పింఛను డబ్బులే పెట్టి సంస్థను నెట్టుకొస్తారు. అది త్యాగం కాదని ఎవరూ అనలేరు. కాని ఆ త్యాగం మీదనే నడిచే సంస్థకు ఊళ్లో వాళ్లతో సంబంధం పెరగదు, ఆ మనిషి మంచాన పడిన రోజు సంస్థ కూడా మంచాన పడుతుంది. ఇక సంస్థ బాధ్యత మోసే మహిళలకు ఎదురయ్యే ఇబ్బంది మరొకటి ఉంది. దుకాణానికో కార్యాలయానికో విరాళం కోసం వెళ్లిన మహిళను సంస్థ గురించి ఒక్క ముక్క అడగకముందే ‘మీవారు ఏం చేస్తారమ్మా?’ అని ప్రశ్నిస్తారు. పదిమంది ఉద్యోగులకు జీతాలిచ్చి, యాభై కుటుంబాలకు ఆసరాగా నిలిచిన సంస్థను నడుపుతున్న మనిషికి ఆ ప్రశ్న ఎంత చిన్నబుచ్చినట్టు ఉంటుందో అడిగేవాళ్లు ఆలోచించాలి.

ట్రస్టుల మీద అనుమానం ఉండటం కూడా నిజమే. బోర్డు తగిలించి, రసీదు పుస్తకాలు అచ్చు వేయించి డబ్బు దండుకున్న ఘటనలు జనం మరిచిపోలేదు. కాబట్టి దాత ప్రశ్నలు వేస్తే మనం నొచ్చుకోకూడదు. రిజిస్ట్రేషన్ పత్రం, కిందటి ఏడాది ఆడిట్ నివేదిక, బ్యాంకు ఖాతా వివరాలు సంచిలో పెట్టుకుని వెళ్లిన మనిషికి ఆ ప్రశ్నలు అవమానంగా తోచవు. అడగకముందే బల్లమీద పెట్టగలిగితే మరీ మంచిది.

ఇక అసలు అడగడం దగ్గరికి వస్తాను. మిర్చి సీజను జోరుగా ఉన్న రోజుల్లో ఒక మిత్ర సంస్థ కార్యదర్శితో కలిసి గుంటూరు యార్డులో ఒక కమీషను వ్యాపారి కొట్టుకు వెళ్లాను. ఘాటుకు మాకు దగ్గు తెరలు వస్తుంటే ఆయన మంచినీళ్లు తెప్పించి, బస్తాల మధ్య కుర్చీలు వేయించి మర్యాదగా కూర్చోబెట్టారు. మిత్రుడు సంస్థ పుట్టుక, కలెక్టరుగారు ఇచ్చిన ప్రశంసాపత్రం, వార్షికోత్సవం ఫొటోలు అన్నీ వివరంగా చెప్పుకొచ్చారు. అరగంట గడిచింది. కొనుగోలుదారులు వచ్చే వేళయిందని గుమాస్తా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వ్యాపారి లేవబోతూ ‘చాలా మంచి పని చేస్తున్నారు మాస్టారూ, ఇంతకీ నన్నేం చేయమంటారు?’ అని అడిగారు. మిత్రుడు చేతులు జోడించి ‘మీకు తోచినంత’ అన్నారు. ఆయన సొరుగు లాగి రెండు 500 నోట్లు తీసి ఇచ్చారు. అంతకు ఎన్నో రెట్లు ఇవ్వగలిగిన మనిషి ఆయన. ఇవ్వడానికి మనసు కూడా ఉంది కనుకనే, పని ఒత్తిడిలో ఉండి కూడా, తానేం చేయాలో చెప్పమని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నకు మా వైపునుంచి సమాధానం లేకపోయింది.

‘మీకు తోచినంత’ అనడం వినయంగా వినిపిస్తుంది కాని, దానివల్ల భారమంతా దాత నెత్తిన పడుతుంది. ఇలాంటి పనికి పదిమందీ ఎంత ఇస్తారో ఆయనకు తెలియదు. ఎక్కువ ఇస్తే తెలివితక్కువతనమేమో, తక్కువ ఇస్తే పరువు తక్కువేమో అన్న సందిగ్ధంలో పడి, చివరకు పండుగ చందాకు ఇచ్చే మొత్తమే చేతిలో పెడతారు. దానికి బదులు ‘మా కేంద్రంలో ఒక బిడ్డకు నెలకు నాలుగు వేలు ఖర్చవుతోంది, ఒక బిడ్డ ఏడాది ఖర్చు నలభై ఎనిమిది వేలు మీరు భరించగలరా?’ అని అడిగితే ఆయన ఆలోచించడానికి ఒక ఆధారం దొరుకుతుంది. అంత కుదరకపోతే సగం ఇస్తాననో, ఆరు నెలలకు ఇస్తాననో, మరొకరిని కలుపుకుని ఇస్తాననో ఆయనే దారి చూపిస్తారు. అడిగిన తరువాత మాత్రం మనం నోరు మెదపకుండా ఉండాలి. ఆయన ఆలోచిస్తున్న ఆ కొద్ది క్షణాల మౌనాన్ని భరించలేక ‘పోనీ ఎంతైనా పర్వాలేదండీ’ అని మనమే దిగిపోవడం మనలో చాలామందికి ఉన్న అలవాటు.

ఆ నాలుగు వేలు అన్న అంకె నేను ఉదాహరణకు చెప్పాను. ఎవరి అంకె వాళ్లు తమ లెక్కల పుస్తకంలోంచి తీయాలి, తీసినప్పుడు అన్ని ఖర్చులూ కలపాలి. అద్దె, కరెంటు బిల్లు, పిల్లల్ని తీసుకొచ్చే ఆటో, ప్రత్యేక విద్య టీచరు జీతం, ఫిజియోథెరపిస్టు ఫీజు, ఆయా జీతం, మందులు, ఆడిటరు ఫీజు, రసీదు పుస్తకాల అచ్చుకూలి వరకూ చేర్చి పిల్లల సంఖ్యతో భాగించాలి. చాలా సంస్థలు ఈ లెక్క వేయవు. ఒక పూట భోజనానికి ఇంత అని బోర్డు మాత్రం రాసి పెడతాయి, ఎందుకంటే అన్నం పెట్టమని అడగడంలో మొహమాటం లేదు. ఫలితం ఏమిటంటే, పుట్టినరోజులకూ వర్ధంతులకూ అదే భోజనానికి ఒకే రోజు ముగ్గురు దాతలు పోటీపడతారు, స్వీటు పొట్లాలు మిగిలిపోతాయి, ఫొటోలు దిగి వెళ్తారు, నెలాఖరుకు ఆయా జీతానికి మాత్రం డబ్బు ఉండదు. మా కేంద్రంలో పన్నెండేళ్ల పిల్లవాడిని చక్రాల కుర్చీలోంచి లేపి, శుభ్రం చేసి, బట్టలు మార్చి, మెడ నిలవని ఆ పిల్లవాడికి పొరపోకుండా ముద్ద ముద్దగా అన్నం తినిపించేది ఆయా. ఆవిడ లేకపోతే ఎంతమంది దాతలు అన్నం తెచ్చినా అది పిల్లవాడి కడుపులోకి వెళ్లదు. ‘భోజనానికి ఇప్పటికే దాతలు ఉన్నారండీ, ఆయా జీతానికి సాయం చేయండి’ అని నిస్సంకోచంగా చెప్పగలగడమే సంస్థ పెద్దలకు కావలసిన ధైర్యం. ఆ మాట చెప్పినప్పుడు ముఖం ముడుచుకున్న దాతలకంటే, అసలు సంగతి అప్పుడే తెలిసి ఆశ్చర్యపోయిన దాతలే నాకు ఎక్కువగా కనిపించారు.

జీతాలను దుబారాగా చూసే ఆలోచన పెద్ద కంపెనీల్లోనూ ఉంది. కంపెనీల చట్టం, 2013లోని 135వ సెక్షను ప్రకారం 500 కోట్ల రూపాయల నికర విలువ గాని, 1,000 కోట్ల టర్నోవరు గాని, 5 కోట్ల నికర లాభం గాని ఉన్న కంపెనీ తన మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద ఖర్చు చేయాలి, అందులోనూ తాను పనిచేసే ప్రాంతాలకు ప్రాధాన్యం ఇవ్వాలి. ఆ నిధుల కోసం వెళ్తే ‘పరిపాలన ఖర్చు 5 శాతం మించకూడదు’ అని చెప్పి జీతాల పద్దు కొట్టివేయించే అధికారులు ఉన్నారు. ఆ 5 శాతం పరిమితి కంపెనీ తన సామాజిక బాధ్యత విభాగాన్ని నిర్వహించుకునే ఖర్చుకు సంబంధించినది. క్షేత్రంలో పనిచేసే ఫిజియోథెరపిస్టు జీతం దాని కిందకు రాదు. నిబంధన తెలిసిన కార్యదర్శి ఈ మాట మర్యాదగా చెప్పి నిలబడగలరు, తెలియనివారు సరేనని సంతకం పెట్టి ఏడాదంతా అప్పులు చేస్తారు. ఈ నిధులు కావాలంటే 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 ఫారంతో నమోదు కావడం తప్పనిసరి అయింది, అలాంటి పనిలో మూడేళ్ల అనుభవం కూడా చూపించాలి. కనుక నిన్న మొన్న పుట్టిన సంస్థలు కంపెనీల చుట్టూ తిరిగి నిరాశ పడేకంటే తమ వీధి నుంచే మొదలుపెట్టడం మేలు.

పన్ను మినహాయింపు సంగతి కూడా సరిగా తెలుసుకుని మాట్లాడాలి. విరాళం ఇచ్చినవారికి ఆదాయపు పన్నులో మినహాయింపు దొరికేలా సంస్థకు ఇచ్చే, 80జి అని అందరూ పిలిచే గుర్తింపు ఉందంటే ఇచ్చిన దాంట్లో సగం డబ్బు ప్రభుత్వం తిరిగి ఇస్తుందని చెప్పేవాళ్లను విన్నాను. అది తప్పు. మనలాంటి సంస్థలకు 10,000 రూపాయలు ఇస్తే, పరిమితులకు లోబడి, 5,000 రూపాయలు ఆదాయంలోంచి తగ్గుతాయి. 20 శాతం శ్లాబులో ఉన్నవారికి నిజంగా మిగిలేది వెయ్యి రూపాయలకు కాస్త అటూ ఇటూ. 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి ఆ మినహాయింపు కూడా వర్తించదు. కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగికి అసలు ఈ సౌకర్యమే లేదు, 2023-24 నుంచి ఆ విధానమే డిఫాల్టు కావడంతో చాలామంది అందులోనే ఉన్నారు. అందుచేత పన్ను మిగులుతుందన్న ఆశ చూపి అడగడం మానుకుని, చేస్తున్న పని చూపి అడగడం అలవాటు చేసుకోవాలి. మినహాయింపు కోరేవారికి మాత్రం పాన్ నంబరు తీసుకుని, వివరాలు ఆదాయపు పన్ను శాఖకు సకాలంలో పంపి, ధ్రువపత్రం వాళ్లు అడగకముందే అందించాలి. వచ్చే ఏడాది ఆ గుమ్మం ఎక్కడానికి మనకు మొహం చెల్లేది దానివల్లనే.

కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో విదేశాల్లో ఎవరూ లేని కుటుంబం అరుదు, అయినా విదేశీ విరాళమంటేనే చిన్న సంస్థల పెద్దలకు వణుకు. భయం అక్కరలేని చోట భయపడుతున్నాం, జాగ్రత్తపడవలసిన చోట పడటం లేదు. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసుడు తన సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపే డబ్బు విదేశీ విరాళం కిందకు రాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకున్నాక పంపితే, భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే అవుతుంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 కింద నమోదు గాని, ముందస్తు అనుమతి గాని లేకుండా దానిని తీసుకోకూడదు. 2020 సవరణ తరువాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. మన ఊరి కుర్రవాడు ప్రేమగా పంపుతానన్నప్పుడు ‘బాబూ, నీ పాస్‌పోర్టు ఏ దేశానిది?’ అని ముందుగా అడగడం అమర్యాద కాదు. ఆ ప్రశ్న సంస్థనూ కాపాడుతుంది, అతన్నీ కాపాడుతుంది.

అడగడం మన ఊళ్లకు కొత్త విద్య కూడా కాదు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశం, జూన్ 30 లోగా తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచేయాలని తీర్మానించింది. ఆ రోజుల్లో కోటి రూపాయలంటే ఎంత పెద్ద మొత్తమో ఊహించుకోవచ్చు. అయినా మొత్తం ఇంత, గడువు ఇది, ఉద్దేశం ఇది అని దేశం ముందు పెట్టి అడిగారు. జనం ఇచ్చారు, ఆడవాళ్లు ఒంటిమీది నగలు తీసి ఇచ్చారు, లక్ష్యం నెరవేరింది. ఇవాళ బందరు రోడ్డులో ఆ చారిత్రక సమావేశాన్ని తలుచుకుంటూ నడిచివెళ్లే మనకు, ముప్పయి మంది పిల్లల ఏడాది ఖర్చు ఊరిని అడగడానికి నోరు రాకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ధైర్యం ఒక్కరోజులో రాదని ఒప్పుకుంటాను. అది ఒక్క మనిషికే రావాలనుకోవడంలోనే సగం సమస్య ఉంది. మన సంస్థల్లో కార్యవర్గ సభ్యులు ఏడుగురో తొమ్మిదిమందో ఉంటారు. తీర్మానాల పుస్తకంలో అందరి సంతకాలూ ఉంటాయి, విరాళాల కోసం తిరిగేది మాత్రం కార్యదర్శి ఒక్కరే. సభ్యులు ముందుగా తమ శక్తికొద్దీ ఎంతో కొంత ఇచ్చి, ఆ తరువాత ఒక్కొక్కరు తమకు తెలిసిన ఇద్దరు ముగ్గురి దగ్గరికి జంటగా వెళ్లాలి. ‘నేను ఇంత ఇచ్చాను, మీరూ ఇవ్వండి’ అన్న మాటకు ఉన్న బలం మరే మాటకూ ఉండదు. వెళ్లేముందు ఒకరు దాతగా, ఒకరు అడిగేవారుగా కూర్చుని మాట్లాడి చూసుకుంటే తడబాటు చాలావరకు పోతుంది. మా కార్యవర్గంలో ముప్పయి ఏళ్లు లెక్కలు చెప్పిన మేడంగారు మొదట ‘నావల్ల కాదు బాబూ’ అన్నవారే, ఇప్పుడు అందరికంటే సూటిగా అడిగేది ఆవిడే. వేళ చూసుకోవడం కూడా ముఖ్యం. యార్డుకు వేసవి సెలవులు ఇచ్చాక వ్యాపారి దగ్గరికి వెళ్లడం, పిల్లల ఫీజులు కట్టే జూన్ నెలలో ఉద్యోగిని అడగడం ఇద్దరికీ ఇబ్బందే.

కాదన్నవారి విషయం ఒక్కమాటలో చెబుతాను. వాళ్లు కాదన్నది ఆ నెలకు, ఆ మొత్తానికి మాత్రమే. పిల్లల్ని ఒకసారి చూడటానికి రమ్మని పిలిచి రావాలి. ఇచ్చినవారి విషయంలోనే మన నిర్లక్ష్యం ఎక్కువ. డబ్బు అందాక మళ్లీ డబ్బు కావలసినప్పుడే ఫోను చేస్తే ఏ మనిషికైనా మనసు విరుగుతుంది. ఆరు నెలలకు ఒకసారి, మీరిచ్చిన దానితో ఈ పని జరిగిందని ఒక పేజీ ఉత్తరం రాయడానికి ఖర్చేమీ కాదు. ఫలానా పిల్లవాడు ఇప్పుడు గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నాడని, పేరు బయటపెట్టకుండా, ఫొటో వేయకుండా రాసినా దాతకు అందవలసిన సంగతి అందుతుంది.

మీ పత్రికకు ఒక విన్నపం. సంస్థ మూతపడ్డాక వార్త రాయడం కన్నా, నడుస్తున్నప్పుడే జిల్లా పేజీలో నెలకు ఒకసారి కొంత చోటు కేటాయించి, ఆడిట్ నివేదికలు బహిరంగంగా పెట్టిన సంస్థల అవసరాలను మొత్తంతో సహా ప్రచురించండి. అలాగే విజయవాడ, గుంటూరుల్లోని చార్టర్డ్ అకౌంటెంట్ల సంఘం శాఖలు ఏడాదికి ఒక్కరోజు చిన్న సంస్థల కార్యదర్శులనూ కోశాధికారులనూ కూర్చోబెట్టి, ఒక బిడ్డకయ్యే ఖర్చు లెక్క కట్టడం, దాతలకు ధ్రువపత్రాలు ఇవ్వడం, విదేశీ విరాళాల నిబంధనలు అర్థమయ్యే తెలుగులో నేర్పిస్తే ఎంతో మేలు చేసినవారవుతారు. ఆ రోజుకు మా కేంద్రం హాలు ఇవ్వడానికి, వచ్చినవారికి భోజనం ఏర్పాటు చేయడానికి మా కార్యవర్గం సిద్ధంగా ఉంది. పిల్లలకు సెలవు కాబట్టి రెండో శనివారమైతే మాకు అనుకూలం.

ఇట్లు,
ఒక సేవా సంస్థ కార్యదర్శి,
బ్రాడీపేట, గుంటూరు.